జానెడు ఖాళీ

మా అబ్బాయి మొన్న ఆన్‌లైన్లో ఒక దోమతెర తెప్పించాడు. గుండ్రటి సంచీలోంచి బయటికి తీశానో లేదో, అది గొడుగులా టప్పున విచ్చుకుని మధురవాడ అపార్టుమెంటులో మా పడకగదిని సగం ఆక్రమించింది. తాళ్ళు కట్టక్కర్లేదు, మేకులు కొట్టక్కర్లేదు. మనం చెయ్యవలసిందల్లా పొద్దున్నే దాన్ని మళ్ళీ మడిచి సంచీలో పెట్టడం. ఆ ఒక్కటే నాకు చేతకాలేదు. ఈ పక్క అణిస్తే ఆ పక్క లేస్తుంది. దర్జీ కూతుర్ని, తెరతో కుస్తీ పట్టి ఓడిపోయి, ఆయాసం తీర్చుకుందామని దాని లోపలే పడుకున్నాను. పక్కకి చెయ్యి చాపితే బట్ట వెంటనే తగల్లేదు. బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలిచాను. నాకూ తెరకీ మధ్య సరిగ్గా జానెడు ఖాళీ ఉంది.

ఎక్కడో ఏదో ఫ్యాక్టరీలో ఎవరో ఆ జానెడూ లెక్కగా వదిలారు. అప్పటిదాకా నా ఓటమికి నాకే వస్తున్న నవ్వు ఆగిపోయింది.

మా అయ్య దర్జీ. నాన్నని మా వైపు అయ్య అంటాం. పల్లెలో ఉన్న కాస్త పొలం అన్నదమ్ములకి వదిలేసి, పట్నం వచ్చి, పూర్ణా మార్కెట్టు వెనక సందులో ఒక అరుగు అద్దెకు తీసుకుని మిషను పెట్టాడు. అరుగు వెనక ఒకే ఒక్క గది. అందులో మేమిద్దరం, మా మామ్మ, ఎండుమిరపకాయల ఘాటు కలిసి కాపురం ఉండేవాళ్ళం. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. సందుకి ఒక మూల బెల్లం కొట్లు, ఇంకో మూల ఎండుచేపల బుట్టలు. గాలి ఎటునుంచి వీస్తే ఆ పూట మాకు ఆ కూర. ఓడరేవు వైపునుంచి వీస్తే మాత్రం ఓడలకెక్కించే ఇనుపరాయి ధూళే. ఎర్రగా వచ్చి ఆరేసిన బట్టల మీదా, అన్నం మీదా, మామ్మ తెల్లజుట్టు మీదా వాలేది. ఆ ఊళ్ళో తెల్లబట్ట కట్టుకోవడం ధైర్యం. కుట్టడం మొండితనం.

అయ్యకి పేరు తెచ్చింది కుట్టు కాదు, కత్తిరింపు. మూడు గజాలు పట్టే చోట రెండున్నరలో తేల్చేవాడు. మిగిలిన ముక్కని మడిచి, కుట్టిన బట్టతోపాటు తిరిగి ఇచ్చేవాడు. "ఉంచుకోండి మాస్టారూ" అనేవారు చాలామంది. అలా ఉంచుకున్నవన్నీ నా ఒంటిమీదికి వచ్చేవి. నా గౌనుకి ముందువైపు పోస్టుమాను, వెనకవైపు పెళ్ళికొడుకు, చేతులకి ఎవరో నర్సు. బడిలో పిల్లలు నన్ను చూడగానే ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడిగేవారు.

"బట్ట మిగల్చనోడు దర్జీ కాదే గుంటా, ఒట్టి కత్తెర," అనేవాడు అయ్య. నేనూ నమ్మాను. మిగల్చడం కన్నా గొప్ప విద్య లోకంలో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక ఏడు శివరాత్రి వెళ్ళాక సందు మొదట్లో ఒక జీపు ఆగింది. అందులోంచి ఒక డాక్టరమ్మ దిగింది. నడివయసు మనిషి. మొహంలో జ్వరాలు పడి లేచిన పాలిపోతనం ఉంది. మన్యంలో కొండల మీద వైద్యం చేసే ఏదో సంఘం తరఫున పనిచేసేది. వెనకాలే జీపు డ్రైవరు తెల్లటి తెరబట్ట థాన్లు మోసుకొచ్చి మా అరుగు నింపేశాడు. నూట ఎనభై ఇళ్ళకి నూట ఎనభై దోమతెరలు కావాలట. వానలు పడేలోగా.

కొండ మీద మంచాలుండవు. ఇంటిల్లిపాదీ నేలమీద ఒకే వరుసగా పడుకుంటారు. అందుకని ఆవిడ ఇంటింటికీ తిరిగి ఆ వరుసలని మూరల్లో కొలిచి ఒక పొడవాటి పుస్తకంలో రాసుకొచ్చింది. అయ్య ఆ కొలతలు నా చేత చదివించుకున్నాడు. టేపు మీద అంకెలు తప్ప ఆయనకి వేరే అక్షరం రాదు.

"ఇదేటమ్మా, నలుగురికి నాలుగు మూరలు సాలు కదా. పైన మళ్ళీ జానెడెందుకు రాసినారు?"

"అది ఖాళీ మాస్టారూ. పక్కన వదలాలి."

"కాళీకి కూడా బట్టేనా?"

"వదలకపోతే అంచున పడుకున్నవాళ్ళ ఒంటికి తెర ఆనుతుంది. ఆనిన చోట దోమ బయటనుంచే కుడుతుంది. అప్పుడు తెర ఉన్నా లేనట్టే."

అయ్య తల ఊపాడు. తల ఊపడం వేరు, తలకెక్కడం వేరు.

లోపల మిరపకాయలకి తొడిమలు తీస్తున్న మామ్మకి కాస్త చెవుడు. ఆ సంభాషణ మొత్తంలో ఆమెకి ఒక్క మాటే వినపడింది. డాక్టరమ్మ వెళ్ళగానే బయటికి వచ్చింది.

"కాళీకి ఒగ్గమన్నాదేట్రా? అమ్మోరికేనా?"

"అమ్మోరు కాదే అమ్మా. కాళీ. అంటే ఏటీ నేకపోడం."

"ఏటీ నేకపోడం కోసం ఎవులైనా బట్ట తెచ్చిత్తారేటి? అమ్మోరే. కొండ మీద అమ్మోరు శానా కోపిష్టిది. అడిగింది ఒగ్గేయ్, సెప్తన్నాను."

మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ రోజు ఆ మాటని సరిగ్గా అర్థం చేసుకున్నది చెవుడున్న మామ్మ ఒక్కతే అని తెలియడానికి మాకు దసరా దాకా పట్టింది.

మన్యం పేరు చెబితే మా సందులో అందరికీ హడలే. కొండనీళ్ళు తాగితే జ్వరం, కొండగాలి పీలిస్తే జ్వరం అనేవారు. దోమ సంగతి డాక్టరమ్మ చెప్పినా మామ్మ ఒప్పుకోలేదు. "సలిజరం కొత్తల్లుడి లాంటిది," అనేది. "రోజు ఇడిసి రోజు వత్తాది. వచ్చినప్పుడల్లా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తియ్యాల. ఎల్నప్పుడు మనిషిలో సగం అట్టుకెల్తాది." మామ్మ తమ్ముడొకడు రోడ్డుపనికి కొండలమీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఉండిపోయాడు అని మామ్మ అనేటప్పుడు ఆమె గొంతునిబట్టి దానికి అర్థం వేరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పట్నంలో దోమలు లేవని కాదు. ఏడాదికోసారి మందు కొట్టేవాళ్ళు వీపున డబ్బాలు తగిలించుకుని వచ్చి గోడలన్నీ తడిపి, తలుపు మీద సుద్దతో ఏదో రాసి పోయేవారు. వాళ్ళు సందు మొదట్లో కనపడగానే మామ్మ ఆవకాయ జాడీలని కోడి పిల్లల్ని దాచినట్టు కొంగు కింద దాచేది. అయినా నాలుగు రోజులపాటు అన్నం మందు కంపు కొట్టేది. ఆ అన్నమే తినేవాళ్ళం.

తెరలు కుట్టిన ఆ రెండు నెలలూ మా అరుగు మబ్బు దిగినట్టుండేది. ధూళి పడకుండా మామ్మ పాత దుప్పట్లన్నీ కట్టింది. బడి వదలగానే నేను వచ్చి మూలలకి నాడాలు కుట్టాలి. కుట్టాల్సిన నాడాలు కుట్టకుండా తెర కిందికి దూరి కాసేపు పెళ్ళికూతురినయ్యేదాన్ని, కాసేపు దెయ్యాన్నయ్యేదాన్ని. ఒకసారి తూనీగల్ని పట్టి లోపల వదిలాను. అయ్య టేపుతోనే వీపు మీద ఒకటి వేశాడు. ఎన్ని అంగుళాల దెబ్బో కూడా తెలిసింది.

ఉగాది నాడు డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మామ్మ ఆవిడ చేతిలో పచ్చడి పెడితే నాలుక మీద వేసుకుని, "మా మాత్రలకన్నా ఇదే నయం," అంది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని ఆ పొడవాటి పుస్తకం తెరిచింది.

"గెడ్డ అవతల పదకొండు ఇళ్ళున్నాయి మాస్టారూ. మా పుస్తకంలో లేవు," అంది. గెడ్డ అంటే కొండవాగు. "కొలతలకి వెళ్ళిన రోజు వాళ్ళంతా పోడు చేలకి పోయారు. మావాళ్ళు ఖాళీ ఇళ్ళనుకుని వదిలేశారు. ఇప్పుడు బట్ట లేదు."

"వచ్చే ఏడు ఇద్దురు లెండి," అన్నాడు అయ్య.

"అక్కడొక అమ్మాయి ఉంది. రెండు కాన్పులయ్యాయి. ఇద్దరు బిడ్డలూ ఏడాది నిండకుండానే చలిజ్వరంతో పోయారు. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. దానికి వచ్చే ఏడంటే ఏం లాభం?"

ఆవిడ వెళ్ళాక అయ్య మిషను తొక్కలేదు. కత్తెర చేతిలో పట్టుకుని థాన్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఒక లెక్క సెప్పమ్మా. ఒక్కో తెరలో ఆ కాళీ జానెడూ తీసేత్తే పైకప్పులో జానెడు మిగుల్తాది. రెండు కొసల్లో జానెడు జానెడు. ఎన్ని తెరలకి ఒక తెర పుడతాది?"

నేను అరుగు మీద సుద్దతో లెక్క వేశాను. లెక్కల్లో నేను గట్టిదాన్ని. పదహారు తెరలకి ఒక తెర. అప్పటికే పది తెరలు పూర్తి కొలతకి కత్తిరించేశాడు. మిగిలిన నూట డెబ్భైలో పది పుడతాయి.

"మరి పదకొండోది?" అన్నాడు.

"నీ ముక్కలమూటలోంచి అతుకుదాం అయ్యా."

అయ్య నా నెత్తిమీద చెయ్యి వేశాడు. "నాను కాదే, నువ్వే మాస్టారివి," అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన బిరుదుల్లో అది మొదటిది. ఇప్పటికి చూస్తే ఆఖరిది కూడా.

"డాక్టరమ్మకి సెప్పొద్దా?" అన్నాను.

"సెప్తే వద్దంటాది. ఇచ్చీసినాక తనే సంతోసిస్తాది సూడు."

వైశాఖంలో, బడికి సెలవులివ్వగానే, తెరలన్నీ జీపుకి ఎక్కించారు. ఒక్కో ఇంట్లో దూలాలు ఒక్కోలా ఉంటాయి కాబట్టి తాళ్ళు సరిచెయ్యడానికి దర్జీ కూడా రావాలంది డాక్టరమ్మ. అయ్యకి పేర్లు చదివి పెట్టడానికి నేను. మామ్మ ఏడుస్తూనే ఎండురొయ్యలు వేయించి, చింతకాయపచ్చడి కలిపిన అన్నం మూట కట్టి, కాచిన నీళ్ళు పాలక్యానులో పోసి ఇచ్చింది. శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కుతుంటే ఆ మూట వాసన, తడిమట్టి వాసన కలిసిపోయాయి.

"బావా, కొండెక్కినాక ఆ నీళ్ళు పారబొయ్యి," అన్నాడు డ్రైవరు అయ్యతో. "జీలుగు కల్లు తాగు. నిన్ను కుట్టిన దోమ మత్తెక్కి పడిపోతాది. నీకు తెరెందుకు?"

"మరి నువ్వు తాగి బండి తోలితే మేం పడిపోతాం కదరా బావా," అన్నాడు అయ్య.

ఊరు చేరాక మూటలు విప్పి లెక్క చూస్తే నూట తొంభై ఒకటి. డాక్టరమ్మ రెండోసారి లెక్కపెట్టింది. మూడోసారి మొదలుపెట్టి ఆగిపోయింది.

"మిగిలినాయమ్మా," అన్నాడు అయ్య, పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి. "గెడ్డ అవతలోలకి."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎలా మిగిలాయని అడగలేదు. ఆవిడకి బట్ట సంగతి తెలియదు, మా అయ్య పేరు తెలుసు. ఆవిడ ఈ ఒడ్డున వేళ్ళు పొడిచి గాజుపలకల మీద రక్తం తీస్తూ ఉండిపోయింది. అయ్యా నేనూ పదకొండు తెరలు మోసుకుని గెడ్డ దాటాం.

డాక్టరమ్మ చెప్పిన ఆ అమ్మాయి ఇల్లు అన్నిటికన్నా చివరిది. ఎర్రమట్టి అలికిన నేల, గడ్డికప్పు, మూల పొయ్యి. నుదుటి మీద పచ్చబొట్టు, ఎత్తుగా ఉన్న పొట్ట. మొహం మాత్రం మా సందులో పెద్ద ఆడపిల్లల మొహంలాగే ఉంది. సంతకి వెళ్ళి నేర్చుకున్న తెలుగు మాట్లాడింది. ఆ కొండ మీద పెద్దా చిన్నా తేడా లేదు, ఎవరికైనా నువ్వే.

"నువ్వు దర్జీవా? ఈ గుంట నీ కూతురా? ఇంత సన్నంగా ఉంది, ఏం పెట్టవా?"

నాకు అడ్డాకులో పనసతొనలు పెట్టింది. తెర కట్టగానే లోపలికి దూరి, దాన్ని అటూ ఇటూ తట్టి నవ్వింది. ఇంటివాళ్ళందరినీ పిలిచి పట్టపగలే వరసగా పడుకోబెట్టింది. గోడవైపు అత్త, తర్వాత ఇద్దరు ఆడపడుచులు, తర్వాత మొగుడు. చివర, వాకిలి వైపు, తను.

ఆమె వీపు తెరకి ఆనింది. నేను చూశాను. అయ్యా చూశాడు.

"కొంచెం లోపలికి జరుగమ్మా," అన్నాడు.

ఆమె జరిగి, తనకీ మొగుడికీ మధ్య మిగిలిన చోటు చూసి, మళ్ళీ వెనక్కి జరిగింది. "అక్కడ బిడ్డ పడుకుంటుంది," అంది, అదేదో మాకు తెలియనట్టు.

"అయితే నువ్వు మధ్యన పడుకో. మీ ఆయన్ని ఈ పక్కకి తొయ్యి."

ఆమె పకపకా నవ్వింది. "ముందు లేచేది నేను. నీళ్ళు తేవాలి, పొయ్యి రాజెయ్యాలి. అందరినీ తొక్కుకుంటూ రానా? అంచు ఆడదానిది."

అది నిజమే. మా గదిలోనూ వాకిలి పక్క మామ్మే పడుకునేది. అయ్య తెర అంచు పట్టుకుని రెండుసార్లు లాగి చూశాడు. బట్ట సాగదని ఆయనకి తెలుసు.

"సరిపోతాది," అన్నాడు.

ఆమెతో అన్నాడో, తనతో అన్నాడో. తిరిగి గెడ్డ దాటుతుంటే నా చెయ్యి మామూలుకన్నా గట్టిగా పట్టుకున్నాడు. నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి.

ఆ ఏడు వానలు మిగల్చకుండా కురిశాయి. పట్నంలో మా సందే గెడ్డ అయింది. శ్రావణంలో వానకి తడుస్తూ వచ్చిన డ్రైవరు ఒక కబురు చెప్పాడు: గెడ్డ అవతల ఆమెకి మగబిడ్డ పుట్టాడు, బాగానే ఉన్నాడు. మామ్మ ఆ పూట పరమాన్నం వండింది. అయ్య రెండుసార్లు వడ్డించుకుని, గిరాకీలందరికీ మేనమామలా ఆ కబురు చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఘాటీలో కొండ విరిగి రోడ్డు మీద పడిందన్నారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

దసరా సెలవుల్లో చిరిగిన తెరలు బాగుచెయ్యడానికి రమ్మని డాక్టరమ్మ జీపు పంపింది. మా అయ్య ఆ బిడ్డ కోసం ముక్కలమూటలోంచి ఒక చొక్కా కుట్టాడు. అరచేయంత చొక్కా. జేబు కూడా పెట్టాడు.

ఆ ఇంటి వాకిట్లో ముసలి అత్త బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. బిడ్డ నల్లగా, గుండ్రంగా, రెండు పిడికిళ్ళూ బిగించి నిద్రపోతున్నాడు. పక్కింటి బాలింత వచ్చి పాలిచ్చి వెళ్తోందట. ఆ మాట విన్నాక మేం ఇక అడగనక్కర్లేదు. అయినా అయ్య అడిగాడు.

"ఆయమ్మేది?"

మొగుడు బయటికి వచ్చాడు. వానల్లో జ్వరం వచ్చిందన్నాడు. గెడ్డ పొంగి రెండు వారాలు ఎవరూ ఈ ఒడ్డుకి రాలేకపోయారు. ఉన్న మాత్రలు అయిపోయాయి. రోజు విడిచి రోజు వణికింది. తర్వాత రోజూ వణికింది. తర్వాత వణకలేదు.

"అంచున పడుకునేది కదా," అన్నాడతను. "వీపంతా చుక్కలు."

"ఎక్కడ?" అన్నాడు అయ్య.

అతను తన భుజం మీదినుంచి నడుం దాకా వేలితో గీసి చూపించాడు. "ఇక్కణ్ణించి ఇక్కడికి. గీత గీసినట్టు. తెర తగిలిన చోటే. మిగతా ఒళ్ళంతా బాగానే ఉంది. మాకెవరికీ ఏమీ కాలేదు. బిడ్డకి ఒక్క దోమ కూడా కుట్టలేదు." తర్వాత లోపలికి వెళ్ళి, కాళ్ళు కట్టిన కోడిపెట్టని తెచ్చి అయ్య చేతిలో పెట్టబోయాడు. "నువ్వు కుట్టినావు. బిడ్డ బతికినాడు. తీసుకో."

మా అయ్య చేతులు వెనక్కి లాక్కున్నాడు. కోడి కింద పడి అరిచింది. అతను తప్పేం చేశాడో తెలియక నా వైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

గెడ్డ దాటి తిరిగొచ్చాక డాక్టరమ్మకి అయ్య అంతా చెప్పాడు. నిలబడే చెప్పాడు, చేతులు కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా. కాళీ జానెడు నేనే కోసేశానమ్మా అన్నాడు. లెక్క వేసింది ఎవరో చెప్పలేదు.

ఆవిడ పుస్తకం మూసింది. "మీరు కొయ్యకపోతే ఆ ఇంటికి తెరే లేదు మాస్టారూ. బిడ్డ కూడా దక్కేవాడు కాదేమో. మాత్రలు అందలేదు, అది మా తప్పు. ఒక్క జానెడు మీద మోపకండి."

"నాను ఉగాది నాడే మిమ్మల్ని అడిగుంటే, ఇంకో థాను తెచ్చుందురా అమ్మా?"

ఆవిడ అబద్ధం చెప్పగలిగే మనిషి కాదు.

"నాలుగు చోట్లా తిరిగి చూసేదాన్ని," అంది. "ఎవర్నో ఒకర్ని అడిగి తెచ్చేదాన్ని."

అయ్య మళ్ళీ గెడ్డ దాటాడు. ఆ ఇంట్లో నేలమీద కూర్చుని, కట్టుకున్న పంచెని నిలువునా జానెడు వెడల్పున చింపాడు. దాని కింద, డ్రైవరు దగ్గర అరువు తెచ్చుకున్న లుంగీ కట్టుకుని వచ్చాడు. తెరకి రెండు కొసలూ, పైకప్పూ విప్పి, మధ్యలో పంచెముక్కలు పెట్టి చేత్తో కుట్టాడు. నేను సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాను. మిషను మీద గాలిలా పోయే మనిషికి ఆ కుట్టు పూటంతా పట్టింది. ఒక్కో పోటుకీ ముడి వేస్తున్నాడు. బిడ్డ ఒకసారి లేచి ఏడిస్తే, ముసలమ్మ వాణ్ణి చొక్కాతో సహా పక్కింటికి పట్టుకెళ్ళి తీసుకొచ్చింది.

కుట్టడం అయ్యాక అయ్య వాళ్ళని పడుకోమన్నాడు. గోడవైపు ముసలమ్మ, ఆడపడుచులిద్దరు, బిడ్డ, అతను. అయ్య బయట మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలూ చిటికెనవేలూ చాపి అంచు కొలిచాడు. రెండు జానల పైన ఉంది. మళ్ళీ కొలిచాడు.

లోపలినుంచి అతను తల తిప్పి చూశాడు. అడ్డం చెప్పాలని కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"ఇప్పుడెందుకు దర్జీ ఇంత చోటు? ఆమె లేదు కదా."

మేం వెంటనే పట్నం తిరిగి వెళ్ళలేదు. సంతలో పలచటి పాతచీరలు కొని, బడి తెరిచాక కూడా ఆగి, నెల రోజులపాటు రెండు ఒడ్డుల మీదా ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ తెర విప్పేముందు అయ్య ఒకటే అడిగేవాడు.

"ఈ అంచున పడుకునేదెవులు?"

ఎక్కువ ఇళ్ళలో ఎవరో ఒక ఆడమనిషి చేతులు తుడుచుకుంటూ ముందుకి వచ్చేది. అయ్య ఆమెని పడుకోబెట్టి, వీపు దగ్గర కొలిచి, పట్టీ వేసేవాడు. కొన్ని ఇళ్ళలో ఎవరూ ముందుకి వచ్చేవారు కాదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అప్పుడు అయ్య ఇంకేమీ అడగకుండా, సూదీ దారం నా చేతికి ఇచ్చి తల వంచుకునేవాడు.

ఎవరూ ముందుకి రాని ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. నేను ఎప్పుడూ మనసులో లెక్క వేసుకుంటూనే నడిచేదాన్ని. అయ్య పోయేదాకా ఆ సంఖ్య నన్ను అడగలేదు. నేను చెప్పలేదు. ఇప్పుడు ఇంత రాసినదాన్ని, అది మాత్రం ఇక్కడా రాయలేకపోతున్నాను.